ఓరుగల్లు వలయాలు: స్థిర ప్రమేయానికి ఆవర్తనం ఉన్నదా?

కాకతీయుల రాజధానిగా నూరేళ్లకు పైగా వెలుగొందిన ఓరుగల్లు కోట, అంటే నేటి ఖిలా వరంగల్, దక్కన్ కోటలలో పటం మీద చూడగానే గుర్తుపట్టదగినది. గుట్టల అంచులను, వాగుల వంపులను అనుసరించి మెలికలు తిరిగే గిరిదుర్గాల గోడలకు భిన్నంగా, ఇక్కడి ప్రాకారాలు దాదాపు చదునైన నేల మీద ఒకే కేంద్రానికి తాడు కట్టి తిప్పినట్టు గుండ్రంగా సాగుతాయి. లోపలి వలయమైన రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దాని వెలుపలి మట్టికోట వ్యాసం అందుకు రెట్టింపు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. రెంటి చుట్టూ అగడ్తలు తవ్వించారు. రుద్రదేవుని కాలంలో (1158–1195) హనుమకొండ నుంచి రాజధానిని ఇక్కడికి తరలించే ప్రయత్నం మొదలై, గణపతిదేవుని ఏలుబడిలో (1199–1262) కోట రూపు దిద్దుకున్నదనీ, రుద్రమదేవి (1262–1289) రాతిగోడ ఎత్తు పెంచి, మట్టికోటతో, అగడ్తతో దానిని బలపరచిందనీ చరిత్రకారులు చెబుతారు. కోట లోపల నేటికీ జనం నివసిస్తున్నారు. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అన్న పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఈ వలయ నిర్మాణం పరిశోధకులను చాలాకాలంగా ఆకర్షిస్తూనే ఉన్నది. వాస్తు చరిత్రకారుడు జార్జ్ మిచెల్ 1992లో ప్రచురించిన వ్యాసంలో ఓరుగల్లును విశ్వపటంగా, అంటే బ్రహ్మాండ స్వరూపాన్ని నేల మీద గీసిన నగరంగా వ్యాఖ్యానించాడు. మధ్యలో స్వయంభూ శివాలయం, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, వాటి గుండా సాగే బాటలు, ఆ బాటలు చేరుకునే నాలుగు కోట ద్వారాలు, వాటన్నిటినీ చుట్టిన వలయాలు అన్నీ కలిసి ఆ వ్యాఖ్యకు బలమిస్తాయి. అయితే ఇదే నిర్మాణాన్ని మరొక దృష్టితో, గణితశాస్త్రంలో విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ తరచూ తర్కంలోకి దింపే ఒక ప్రశ్నతో కలిపి పరిశీలించవచ్చు. విలువ ఎక్కడా మారని ప్రమేయాన్ని, అంటే స్థిర ప్రమేయాన్ని, మళ్లీ మళ్లీ అదే రూపానికి వచ్చే ఆవర్తన ప్రమేయాల జాబితాలో చేర్చవచ్చునా, చేర్చితే దాని ఆవర్తనం ఎంత అన్నదే ఆ ప్రశ్న.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రమేయమనే భావన ఐరోపాలో 17, 18 శతాబ్దాలలో రూపుదిద్దుకున్నది కనుక, కాకతీయ స్థపతులకు అది తెలుసునని చెప్పడం చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది. అలాగని వృత్తగణితం ఆనాటి తెలుగునేలకు కొత్త విద్య కాదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో గణితశాస్త్ర గ్రంథ రచనకు అదే తొలి ఉదాహరణ. వృత్త పరిధి కావాలంటే వ్యాసాన్ని మూడుతో గుణించడం స్థూల పద్ధతి అనీ, పది వర్గమూలంతో గుణించడం సూక్ష్మ పద్ధతి అనీ మహావీరుడు రెండు నియమాలు ఇచ్చాడు. రాతికోట వ్యాసాన్ని 1.2 కిలోమీటర్లుగా తీసుకుంటే, స్థూల పద్ధతిలో పరిధి 3.6 కిలోమీటర్లు, సూక్ష్మ పద్ధతిలో 3.79 కిలోమీటర్లు వస్తుంది. నేటి లెక్క ప్రకారం వచ్చేది 3.77. గోడకు ఎంత రాయి కావాలో, ఎందరు కూలీలు కావాలో అంచనా వేసేవారికి ఆ తేడా పెద్ద ఇబ్బంది కలిగించేది కాదు.

ప్రమేయం అంటే, ఒక సంఖ్యను అందిస్తే దానికి తగిన ఒకే ఒక విలువను తిరిగి ఇచ్చే నియమం. రాతికోట కేంద్రాన్ని ఒక బిందువుగా ఊహించి, తూర్పు దిక్కును సున్న డిగ్రీలుగా తీసుకుని, అక్కడి నుంచి ఎన్ని డిగ్రీలు తిరిగితే ఆ దిక్కున గోడ ఎంత దూరంలో ఉంటుందో చెప్పే నియమాన్ని ఒక ప్రమేయంగా భావించవచ్చు. గోడ కచ్చితమైన వృత్తమైతే ఏ దిక్కున చూసినా దూరం ఒక్కటే, సుమారు 600 మీటర్లు. అంటే ఇది స్థిర ప్రమేయం. వాస్తవంలో ఏ కోటగోడా కచ్చితమైన వృత్తం కాదు, ఓరుగల్లు గోడ కూడా కాదు. ఇక్కడ చెబుతున్నది స్థపతి మనసులోని ఆకృతిని గురించి.

ఇప్పుడు ఆవర్తన ప్రమేయపు నిర్వచనాన్ని చూద్దాం. సున్న కాని ఒక సంఖ్యను ఎంచుకుని, దానిని ఏ స్థానానికి కలిపినా ప్రమేయపు విలువ మారకుండా ఉంటే ఆ ప్రమేయాన్ని ఆవర్తన ప్రమేయం అంటారు, కలిపిన సంఖ్యను ఒక ఆవర్తనం అంటారు. కోట మధ్య నిలబడినవారు 30 డిగ్రీలు తిరిగినా, మరొక పూర్తి చుట్టు చుట్టి 390 డిగ్రీలు తిరిగినా చూపు పడేది ఒకే చోట కనుక, దిక్కును బట్టి విలువ చెప్పే ఏ ప్రమేయమైనా 360 డిగ్రీల ఆవర్తనం కలిగి ఉండక తప్పదు. గోడ ఎత్తు, అగడ్త వెడల్పు, ఆ దిక్కున కనబడే ఇళ్ల సంఖ్య, ఏదైనా సరే. వీటన్నిటికీ వర్తించే మాట గోడ దూరానికి మాత్రం, కేవలం అది మారడం లేదన్న కారణంగా, వర్తించదనడానికి తార్కికమైన ఆధారం లేదు. నిర్వచనం విలువ తిరిగి రావాలని కోరుతున్నదే కాని, మధ్యలో అది ఎక్కడికైనా వెళ్లి తీరాలని కోరడం లేదు.

చిక్కు వచ్చేది తరువాతి మెట్టులో. 360 డిగ్రీలు ఆవర్తనమైన చోట 720 కూడా ఆవర్తనమే, 1080 కూడా ఆవర్తనమే. అందుచేత ఆవర్తనాలలో అన్నిటికంటే చిన్నదైన ధన సంఖ్యను వేరు చేసి, దానినే ఆ ప్రమేయపు ఆవర్తనంగా పేర్కొనడం పాఠ్యపుస్తకాలలో పరిపాటి అయింది. దీనిని ఇక్కడ కనిష్ఠ ఆవర్తనం అందాం. వలయాకారపు గోడకు కనిష్ఠ ఆవర్తనం ఏది? 90 డిగ్రీలు తిరిగినా గోడ దూరం అంతే, 1 డిగ్రీ తిరిగినా అంతే, డిగ్రీలో వెయ్యో వంతు తిరిగినా అంతే. ఎంత చిన్న సంఖ్యను ఎంచుకున్నా దానికంటే చిన్నది మరొకటి ఆవర్తనంగా దొరుకుతూనే ఉంటుంది. సున్న మాత్రం ఆవర్తనం కాదని నిర్వచనంలోనే చెప్పారు. కనుక కనిష్ఠ ఆవర్తనం లేదు. ఆవర్తనాలు లేకపోవడం వల్ల వచ్చిన లోటు కాదిది, మితిమీరి ఉండడం వల్ల వచ్చినది.

వలయానికి ఉన్న ఈ ఏకరూపత యుద్ధంలో ఎట్లా అక్కరకు వచ్చిందో 1310 నాటి ముట్టడి తెలియజేస్తుంది. అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫుర్ కాకతీయ రాజు ప్రతాపరుద్రుని మీదికి దండెత్తి వచ్చినప్పటి వృత్తాంతాన్ని అమీర్ ఖుస్రో తన ఖజాయిన్-ఉల్-ఫుతూహ్‌లో వర్ణించాడు. మట్టికోట చూడడానికి మట్టే అయినా ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదనీ, యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి దుమికాయనీ ఆయన రాశాడు. ఖిల్జీ సేన కోట చుట్టూ గుడారాల వలయం వేసి, ఒక్కొక్క దళానికి 1,200 గజాల చొప్పున స్థలం పంచగా, మొత్తం చుట్టుకొలత 12,546 గజాలు అయిందని ఖుస్రో లెక్క. దీర్ఘచతురస్రపు కోటకు మూలలుంటాయి, ముట్టడించేవారు ముందుగా చూసేది ఆ మూలలనే. వలయానికి మూల లేదు. ఏ దళానికి ఏ వంతు వచ్చినా ఎదురుగా ఉన్న గోడ ఒకటే కనుక పంపకం కూడా సమానంగానే సాగింది. చివరికి అగడ్తను మట్టితో పూడ్చి, మట్టికోటకు గండి కొట్టి శత్రువు లోపలికి వచ్చినా, రాతికోట లొంగకముందే ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. పదమూడేళ్ల తరువాత, 1323లో, ఢిల్లీ సేనాని ఉలూగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయి, ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అనే పేరు వచ్చింది.

గోడ దూరాన్ని విడిచి, గోడ మీది నిర్మాణాలను చూస్తే లెక్క మారుతుంది. రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారాలున్నాయి. ఒక దిక్కున ద్వారం ఉంటే 1, లేకపోతే 0 అని చెప్పే ప్రమేయాన్ని తీసుకుంటే, ద్వారాలు కచ్చితంగా తూర్పు, ఉత్తరం, పడమర, దక్షిణాలకు అభిముఖంగా ఉన్నాయనుకున్నప్పుడు, 90 డిగ్రీలకోసారి అదే రూపం తిరిగి వస్తుంది. 90కి తక్కువైన ఏ భ్రమణానికీ రాదు. ఇక్కడ కనిష్ఠ ఆవర్తనం స్పష్టంగా ఉన్నది. ద్వారాలలోకి ప్రవేశించే బాట నేరుగా లోపలికి పోదు. వెలుపలి ఆవరణలో ఒక వైపుకు మలుపు తిరిగి, మళ్లీ తిరిగి పోతుంది. తలుపులను ఏనుగులతో పొడిపించకుండా ఆపడానికి, లోపలికి వచ్చిన శత్రువును గోడల మధ్య ఇరికించడానికి ఈ వంకర మార్గం పనికివచ్చింది. నాలుగు ద్వారాలలోనూ మలుపులు ఒకే దిశలో తిరుగుతుండడం వల్ల, నాలుగు బాటలూ కలిసి స్వస్తిక రూపాన్ని పొందుతున్నాయని మిచెల్ గమనించాడు. స్వస్తికను 90 డిగ్రీలు తిప్పితే మారదు, అద్దంలో చూపితే మాత్రం తిరగబడుతుంది. భ్రమణంలో నిలిచే సౌష్ఠవం ప్రతిబింబంలో నిలవకపోవడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణను తెలుగునేల మీద వెతకనక్కరలేదు.

రాతికోట బురుజుల సంఖ్య 45. నాలుగు ద్వారాలూ, నలభై అయిదు బురుజులూ ఒకే గోడ మీద ఉన్నాయన్న ఈ చిన్న విషయంలో చాలా గణితం దాగి ఉన్నది. కోటను 90 డిగ్రీలు తిప్పినప్పుడు ప్రతి బురుజూ మరొక బురుజు స్థానంలోకి రావాలంటే, బురుజులు నాలుగేసి చొప్పున గుంపులుగా విడిపోవాలి. 45ను 4తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక అది అసాధ్యం. సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిప్పినా రెండేసి చొప్పున జతపడాలి, 45 బేసి సంఖ్య కనుక అదీ కుదరదు. బురుజులన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుంటే వాటి మధ్య కోణం 8 డిగ్రీలు, గోడ పొడవున సుమారు 84 మీటర్లు; అంటే బురుజుల ప్రమేయానికి కనిష్ఠ ఆవర్తనం 8, ద్వారాల ప్రమేయానికి 90. రెంటినీ కలిపి చూస్తే రెండు రూపాలూ ఒకేసారి తిరిగి వచ్చేది 8, 90ల కనిష్ఠ సామాన్య గుణిజం దగ్గర. అది సరిగ్గా 360. ద్వారాలు, బురుజులు కలిసిన గోడకు పూర్తి చుట్టు తిరిగితే తప్ప పునరావృత్తి లేదన్నమాట. నిజానికి బురుజుల ఎడం అంతటా సమానంగా లేదు కాని, 45 అనే సంఖ్య ఉన్నంతవరకు, ఎడాలు ఎట్లా ఉన్నా, నాలుగింట ఒక వంతు భ్రమణం ఆ గోడకు సౌష్ఠవం కాలేదు.

కోట నడిబొడ్డున స్వయంభూ దేవాలయ శిథిలాల చుట్టూ నిలిచిన కీర్తితోరణాలు మరొక సూక్ష్మాన్ని చూపుతాయి. దాదాపు 30 అడుగుల ఎత్తున, ఇరువైపులా జంట స్తంభాల మీద నిలిచి, పైన హంసలు, కింద వేలాడే తామర మొగ్గలతో చెక్కిన ఈ నాలుగు తోరణాలు ఒకే నమూనాకు చెందినవి కావడం వల్ల, చూసినవారెవరైనా వీటిని చతురస్రపు నాలుగు భుజాల మీద నిలబెట్టారనే అనుకుంటారు. కాని ఉత్తర దక్షిణ తోరణాల నడుమ దూరం సుమారు 480 అడుగులు, తూర్పు పడమర తోరణాల నడుమ సుమారు 433 అడుగులు. కేంద్రం నుంచి తోరణం ఎంత దూరమన్న ప్రశ్న వేస్తే తూర్పున సుమారు 216 అడుగులు, ఉత్తరాన 240, పడమట మళ్లీ 216, దక్షిణాన 240 అని జవాబులు వస్తాయి. తోరణపు ఆకృతి 90 డిగ్రీలకోసారి తిరిగి వస్తుండగా, తోరణపు దూరం 180 డిగ్రీలకు గాని తిరిగి రాదు. అవే నాలుగు తోరణాల మీద ఏ ప్రశ్న అడిగామన్న దానిని బట్టి కనిష్ఠ ఆవర్తనం రెట్టింపయింది. ఆవర్తనం వస్తువుకు కాదు, వస్తువు గురించి అడిగిన ప్రశ్నకు చెందుతుంది. దేవతామూర్తులు లేకపోవడం వల్లనే ఈ తోరణాలు విధ్వంసం నుంచి తప్పించుకున్నాయన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు అధికార చిహ్నంలో చార్మినార్‌తో పాటు చోటు దక్కింది ఈ తోరణానికే.

స్థిర ప్రమేయాన్ని జాబితా నుంచి తొలగించడం సమంజసమైన సందర్భం కూడా ఒకటి ఉన్నది, అది కాకతీయ దేవాలయాల అధిష్ఠానాల మీదనే కనబడుతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు శక సంవత్సరం 1135, శ్రీముఖలో, అంటే 1213లో, పాలంపేటలో కట్టించిన రుద్రేశ్వరాలయం చుట్టూ, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఆ రామప్ప గుడి గోడల కింద, ఏనుగుల బారు నడుస్తూ ఉంటుంది. శిల్పి చేతి తేడాలను పక్కన పెట్టి, ఒకే ఏనుగు పదేపదే వస్తున్నదనుకుంటే, ఒక తొండం కొస నుంచి తరువాతి తొండం కొస వరకు ఉన్న దూరమే ఆ పట్టీకి కనిష్ఠ ఆవర్తనం. ఇట్లా ఒకే దిశలో పునరావృతమయ్యే పట్టీలను, అవి జరుపు, ప్రతిబింబం, సగం భ్రమణం వంటి ఏయే మార్పులకు చెక్కుచెదరవన్న దానిని బట్టి వర్గీకరిస్తే, సరిగ్గా ఏడు రకాలే ఉంటాయని గణితజ్ఞులు నిరూపించారు. ఈ వర్గీకరణకు మొదటి షరతే కనిష్ఠమైన జరుపు ఉండడం. ఏనుగుల బారుకు పైనా కిందా ఏ బొమ్మా లేకుండా సాగే నున్నని రాతిపట్టీ ఎంత జరిపినా మారదు కనుక, ఏడింటిలో దేనికీ చెందదు. దానిని కూడా లెక్కలోకి తీసుకుంటే వర్గీకరణ చెదిరిపోతుంది. నున్నని పట్టీ ఆవర్తనం లేనిదని దీని అర్థం కాదు. బొమ్మలను లెక్కించే శాస్త్రానికి బొమ్మ లేని రాయితో పనిలేదు, అంతే.

స్థలం నుంచి కాలానికి వస్తే, కాకతీయ శాసనాలు ఇదే భేదాన్ని మరింత స్ఫుటంగా చూపుతాయి. ప్రభవ మొదలు అక్షయ వరకు 60 సంవత్సరాల పేర్లు ఒక చక్రంగా తిరుగుతాయి. బృహస్పతి గమనం మీద ఆధారపడిన ఉత్తరాది లెక్కలో సుమారు 85 ఏళ్లకొకసారి ఒక పేరు జారిపోతుంది. దక్షిణాదిన ఆ లెక్కను విడిచి, ఏటికి ఒక పేరు చొప్పున వరుసగా వాడడం వల్ల, శక సంవత్సరం నుంచి పేరును చెప్పే ప్రమేయానికి కనిష్ఠ ఆవర్తనం సరిగ్గా 60 అయింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 చిత్రభానులో, అంటే 1163 ఆరంభంలో, వెలిసింది. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం శక 1166 క్రోధి నాటిది. రుద్రమదేవి మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం శక 1211 విరోధి మార్గశిరంలో, 1289 నవంబరులో, వేయించినది. లేఖకులు పేరొక్కటే రాసి ఊరుకుంటే అరవయ్యేళ్ల తరువాత చదివేవారికి అది ఏ విరోధియో తేలదు. రుద్రమ తరువాతి విరోధి 1349లో వచ్చింది. అప్పటికి కాకతీయ రాజ్యమే లేదు, ఓరుగల్లును ముసునూరి కాపయ నాయకుడు ఏలుతున్నాడు. 1289 నాటి విరోధి నుంచి పన్నెండు చక్రాలు పూర్తయ్యాక వచ్చిన విరోధి 2009–10. ఆవర్తన ప్రమేయం నుంచి వెనక్కి లెక్కించి అసలు కాలాన్ని పట్టుకోలేమన్న సంగతి తెలిసినవారు కనుకనే శాసనకర్తలు తిరిగి రాని శక సంఖ్యను తిరిగి వచ్చే పేరుతో కలిపి చెక్కించారు. చరిత్రకారులు తేదీలను నిర్ధారించగలిగేది ఈ జంట వల్లనే.

అవే శాసనాలలో స్థిర ప్రమేయానికీ చోటున్నది. దేవాలయానికో, బ్రాహ్మణులకో భూమిని ఇచ్చినప్పుడు ఆ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంతవరకు, సాగాలని శాసించడం ఆనాటి రివాజు. ఏ ఏడాది పేరు ఏదైనా దానభూమి మీద హక్కు మాత్రం ఒక్కటే. మోటుపల్లి రేవులో సముద్ర వర్తకుల సరకుల మీద వసూలు చేసే కూపశుల్కాన్ని గణపతిదేవుడు ముప్పయ్యింట ఒక వంతుగా స్థిరపరచాడు. అంతకుముందు తుఫానులకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును రాజులు ఇష్టం వచ్చినట్టు లాక్కునేవారని ఆ శాసనమే చెబుతుంది. వర్తకునికి అభయం కలిగించింది పన్ను తక్కువ కావడం ఒక్కటే కాదు, అది ఏటేటా మారకపోవడం. ఏడాదిని బట్టి పన్ను రేటును చెప్పే ఈ ప్రమేయం 60 ఏళ్ల తరువాత అదే విలువకు వస్తుందా అని అడిగితే, వస్తుందనే చెప్పాలి. ఒక ఏడాది తరువాత కూడా వస్తుంది. సంవత్సర చక్రంతో అది ఎక్కడా విభేదించదు. ఏ ఆవర్తనంతోనైనా ఇమిడిపోగల గుణం స్థిర ప్రమేయానిది.

గణితజ్ఞులు స్థిర ప్రమేయాన్ని జాబితాలో ఉంచుకోవడానికి అసలు కారణం ఈ ఇమిడిపోయే గుణమే. ఒకే ఆవర్తనం గల రెండు ప్రమేయాలను కూడినా, తీసివేసినా, గుణించినా ఫలితానికి అదే ఆవర్తనం ఉండాలని కోరుకోవడం సహజం. త్రికోణమితిలో సైన్ వర్గం, కొసైన్ వర్గం రెండూ 180 డిగ్రీలకోసారి తిరిగి వచ్చేవే. వాటి మొత్తం ఎల్లప్పుడూ 1. స్థిర ప్రమేయాలను బహిష్కరిస్తే, ఇద్దరు సభ్యులను కలిపిన మాత్రాన ఫలితం సంఘం నుంచి వెలి అవుతుంది. 1822లో జోసెఫ్ ఫూరియే ఉష్ణ ప్రసరణ మీద వెలువరించిన గ్రంథంలో ఆవర్తన ప్రమేయాలను సైన్, కొసైన్ పదాల మొత్తంగా విడదీసినప్పుడు, ఆ శ్రేణిలో మొదటి పదం స్థిర సంఖ్యే. కోట బురుజుల ఉదాహరణలోనే చెప్పాలంటే, ఒక దిక్కున గోడ వెలుపలి అంచు దూరం అంటే స్థిరమైన గోడ దూరానికి బురుజు ముందుకు పొడుచుకు వచ్చిన మేరను కూడినది. ఈ రెండు ముక్కలలో మొదటిదానికి ఆవర్తనం లేదని అంటూ మొత్తానికి ఆవర్తనం ఉన్నదని చెప్పడం ఎబ్బెట్టుగా ఉంటుంది.

కనిష్ఠ ఆవర్తనం లేకపోవడం స్థిర ప్రమేయానికి మాత్రమే చెందిన వింత కూడా కాదు. 1829లో గణితజ్ఞుడు డిరిక్లే ప్రతిపాదించిన ప్రమేయం అకరణీయ సంఖ్యల దగ్గర, అంటే భిన్నాలుగా రాయగల సంఖ్యల దగ్గర, ఒక విలువను, కరణీయ సంఖ్యల దగ్గర మరొక విలువను తీసుకుంటుంది. ఏ అకరణీయ సంఖ్యను కలిపినా అకరణీయం అకరణీయంగానే, కరణీయం కరణీయంగానే మిగులుతాయి కనుక, సున్న కాని ప్రతి అకరణీయ సంఖ్యా దానికి ఆవర్తనమే. వాటిలో కనిష్ఠమైన ధన సంఖ్య లేదు. ఇది స్థిరం కాదు, అయినా కనిష్ఠ ఆవర్తనం లేదు. అయితే విలువలు ఎక్కడా తెగకుండా, దూకకుండా సాగే అవిచ్ఛిన్న ప్రమేయాల విషయంలో సంగతి వేరు. ఒక వలయపు గోడ ఎత్తు అవిచ్ఛిన్నంగా సాగుతూ, దానికి ఎంత చిన్న ఆవర్తనాలైనా ఉన్నాయనుకుందాం. అప్పుడు ఒక చోట నుంచి ఆ చిన్న అడుగులు వేసుకుంటూ పోతే గోడ మీద మరే చోటుకైనా కోరినంత దగ్గరగా చేరవచ్చు. అడుగు పెట్టిన ప్రతి చోటా ఎత్తు మొదటి చోటి ఎత్తే. అవిచ్ఛిన్నత వల్ల చేరవలసిన చోట కూడా అదే ఎత్తు ఉండక తప్పదు. అంటే గోడ అంతటా ఒకే ఎత్తు. కనిష్ఠ ఆవర్తనం లేని అవిచ్ఛిన్న ఆవర్తన ప్రమేయం స్థిర ప్రమేయం ఒక్కటే. స్థిర ప్రమేయం ఆవర్తన ప్రమేయం కాదనేవారికి ఈ సిద్ధాంతాన్ని చెప్పుకోవడానికే మాటలు ఉండవు.

తరగతి గదులలో తగాదా పుట్టడానికి కారణం పాఠ్యపుస్తకాలు ఒకే పదాన్ని రెండు పనులకు వాడడం. ఆవర్తనం ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, కనిష్ఠ ఆవర్తనం ఎంత అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి స్థిర ప్రమేయం విషయంలో జవాబు ఉన్నదనే, రెండవదానికి జవాబు లేదనే. కొందరు రచయితలు నిర్వచనంలోనే స్థిరం కాని ప్రమేయం అన్న షరతును చేర్చి రెండు ప్రశ్నలనూ ఒకేసారి మూసేస్తారు. అది వారి పుస్తకం మేరకు చెల్లుతుంది కాని, దానిని సత్యంగా బోధించకూడదు. ఇంటర్మీడియట్ స్థాయిలో తెలుగు మాధ్యమంలో గణితం బోధించే ఉపాధ్యాయులు, సైన్ ఆవర్తనం 360 డిగ్రీలని చెప్పిన రోజునే, స్థిర ప్రమేయం ఆవర్తన ప్రమేయమేననీ, దాని కనిష్ఠ ఆవర్తనం నిర్వచితం కాదనీ ఒక్క వాక్యంలో చెప్పవలసి ఉన్నది. వరంగల్ జిల్లాలోని ఉపాధ్యాయులకు అయితే నల్లబల్ల కూడా అక్కరలేదు. పిల్లలను ఒకసారి మధ్యకోటకు తీసుకువెళ్లి, తోరణాల నడుమ టేపు పట్టించి కొలిపిస్తే చాలు.